ఇంగ్లీషు నెయిల్: గోరా, మేకా?

'నెయిల్' మీద పోయిన సంచికలో రెండు లైన్ల జవాబొకటి రాస్తే, దానికి వచ్చిన ఉత్తరాలు ఒక పేజీకి సరిపడా ఉన్నాయి. అందుకని ఈసారి వేరే మాటల జోలికి పోకుండా పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. వ్యాకరణం ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా ఆరో తరగతి పిల్లలు పట్టుకుని అడిగారు సార్. నెయిల్ కట్టర్‌లో నెయిల్ అంటే గోరు, గోడకి కొట్టే నెయిల్ అంటే మేకు. ఇవి రెండూ ఒకే మాటా, లేక పలకడంలో అలా కలిసిపోయాయా? ఒకటే అయితే ఏది ముందు?
— ఒక టీచరు, ఏలూరు

పిల్లలు మంచి ప్రశ్నే వేశారండీ. ఇంగ్లీషులో స్పెల్లింగు ఒకటే ఉన్నంత మాత్రాన మాట ఒకటే అనుకోకూడదు. క్రికెట్ బ్యాట్, రాత్రిళ్లు తిరిగే గబ్బిలం బ్యాట్ రెండూ వేరువేరు చోట్ల పుట్టి, తర్వాత ఒకే వేషం వేసుకున్న మాటలు. నెయిల్ అలాంటిది కాదు. ఇది నిజంగానే ఒకే మాట. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో 'నాయ్‌గల్' లాంటి రూపం ఉండేది. అప్పటికే దానికి గోరు, మేకు అనే రెండు అర్థాలూ ఉన్నాయి. జర్మన్‌లో నాగెల్, డచ్‌లో నాగల్ ఇవాళ్టికీ అంతే, వడ్రంగి చేతిలో ఉన్నదీ అదే, అతని వేలి చివర ఉన్నదీ అదే.

ఏది ముందంటే, గోరే ముందు. ఇది ఊహించి చెప్పేది కాదు, చుట్టాల భాషల్ని వరసగా నిలబెట్టి చూస్తే తేలే సంగతి. గ్రీకులో ఓనుక్స్, లాటిన్‌లో ఉంగ్విస్, లిథువేనియన్‌లో నాగస్, సంస్కృతంలో నఖం, పారశీకంలో నాఖున్. అన్నిటికీ అర్థం గోరు లేదా పంజాగోరు. వీటిలో ఏ ఒక్క మాటకీ మామూలు అర్థం ఇనప మేకు కాదు. లాటిన్‌వాళ్లు మేకుని 'క్లావుస్' అని విడిగా పిలిచారు. ఇంగ్లీషు, జర్మన్, డచ్ ఉన్న ఒక్క జర్మానిక్ భాషల శాఖలోనే గోరు వెళ్లి మేకు మీద కూర్చుంది. అంటే ఆ శాఖ విడిపోయాక ఎవరో గట్టిగా, మొనదేలి ఉన్న చిన్న చీలని చూసి 'గోరు' అన్నారు, అది నిలిచిపోయింది. మొదట్లో అది ఇనపది కాకుండా చెక్క చీలే అయి ఉండాలని నాకనిపిస్తుంది.

ప్రశ్న: మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. "నఖం నుంచే నెయిల్ పుట్టింది, ఇంగ్లీషువాడు మన దగ్గర ఎత్తుకుపోయాడు" అని. మా బాబాయి గట్టిగా వాదిస్తున్నారు. నిజమేనా? ఏం చెప్పి ఒప్పించను?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హన్మకొండ

మీ బాబాయిగారిది సగం నిజం. నఖానికీ నెయిల్‌కీ చుట్టరికం ఉంది, అది ముమ్మాటికీ వాస్తవం. కానీ ఆ చుట్టరికం తండ్రీకొడుకులది కాదు, అన్నదమ్ముల పిల్లలది. రెండింటికీ మూలం, ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత ఇండో-యూరోపియన్ భాషలోని ఒక మాట. ఆ మూలభాషకి రాతల్లేవు, ఈ చుట్టాలందరినీ పోల్చుకుంటూ వెనక్కి వెళ్లి దాన్ని కట్టుకొచ్చారు. రష్యన్‌లో 'నొగా' అంటే ఏకంగా కాలు. మొదట గిట్ట, పంజా అనే అర్థం ఉండి, తర్వాత కాలంతటికీ పాకింది. గోరుకి వాళ్లు 'నోగొత్' అంటారు. రష్యావాడు కాలుని కూడా మన దగ్గరే ఎత్తుకుపోయాడా అని బాబాయిగారిని మెల్లగా అడగండి.

అరువు తెచ్చుకున్న మాటకీ పుట్టుకతో వచ్చిన మాటకీ తేడా ఎలా కనిపెడతారంటే, ధ్వనులు ఒక పద్ధతిలో మారతాయి, ఒక్క మాటలో కాదు, గుంపులో. నెయిల్ మధ్యలో ఒకప్పుడు 'గ' ఉండేదని చెప్పాను కదా. ఇంగ్లీషులో అది కరిగి 'య' అయిపోయింది, జర్మన్‌లో అలాగే ఉండిపోయింది. ఇదొక్క మాటకే జరిగితే కాకతాళీయం అనుకోవచ్చు. చూడండి: వాన వీళ్లకి రెయిన్, వాళ్లకి రేగెన్. వడగళ్లు వీళ్లకి హెయిల్, వాళ్లకి హాగెల్. తెరచాప సెయిల్, జేగెల్. గోరు నెయిల్, నాగెల్. వరసలో నాలుగూ ఒకే దారిన నడిచాయి. అంటే ఈ మాట ఆ ఇంట్లోనే పుట్టి పెరిగింది, మధ్యలో ఎవరింటి నుంచో వచ్చి చేరలేదు. నఖంలో 'ఖ' ఎందుకుంది, లెక్కప్రకారం 'ఘ' రావాలి కదా అనేది పండితుల మధ్య ఉన్న వేరే తగాదా, దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, రాత్రంతా నిద్రుండదు.

ఇంకో సంగతి. గోరు అనే మన మాటకీ నఖానికీ ఏ సంబంధమూ లేదు. గోరు అచ్చంగా ద్రావిడ మాట. కన్నడలో ఉగురు, తమిళంలో ఉకిర్. వినడానికి దూరంగా ఉన్నట్టుంటాయి గానీ, తెలుగుకి ఒక అలవాటుంది, మాట మొదట్లో ఉన్న అచ్చుని లోపలికి నెట్టేసి హల్లుని ముందుకు లాగుతుంది. తమిళం ఉరల్ మనకి రోలు, ఉలక్కై మనకి రోకలి, అవన్ మనకి వాడు. ఆ వరసలోనే ఉకిర్ అక్కడ, గోరు ఇక్కడ. తమాషా ఏమిటంటే తమిళులు మామూలు మాటల్లో ఇప్పుడు ఉకిర్‌ని దాదాపు వదిలేసి, సంస్కృతం నుంచి వచ్చిన 'నగం' అంటున్నారు. మనమేమో నఖాన్ని పద్యాలకీ, నరసింహస్వామికీ వదిలేసి గోరునే అంటిపెట్టుకున్నాం. ఇందులో ఎవరి గొప్పా లేదు, అలా జరిగిందంతే.

ఇక మేకు సంగతి. అది పారశీకం 'మేఖ్', ఉర్దూ మీదుగా మనకొచ్చింది. అంతకుముందు నుంచీ మనకున్న చీల, సీల సంస్కృతం కీలకి తద్భవాలు. అంటే మేకూ, చీలా రెండూ మనకి అరువు మాటలే. బాబాయిగారికి ఇది కూడా చెప్పండి, లెక్క సమానమవుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. పెరట్లో చెక్క డెక్ కట్టుకుందామని హార్డ్‌వేర్ షాపుకెళ్తే మేకుల డబ్బాల మీద 8డి, 16డి అని ఉంది. అడిగితే 'ఎయిట్ పెన్నీ, సిక్స్‌టీన్ పెన్నీ' అన్నాడు. పెన్నీకీ మేకుకీ ఏం సంబంధం? డి ఎందుకు?
— ఒక పాఠకుడు, టెక్సస్

చాలామంది ఈ 'డి'ని డయామీటర్ అనుకుంటారు. కాదు. అది దేనారియస్, రోమన్ల వెండి నాణెం. ఇంగ్లండులో పెన్నీకి ఆ అక్షరాన్నే గుర్తుగా వాడేవారు, 1971లో డబ్బు లెక్క దశాంశ పద్ధతిలోకి మారేదాకా. పదిహేనో శతాబ్దం ఇంగ్లండులో వంద మేకులు ఎన్ని పెన్నీలకు వస్తే ఆ మేకుకి ఆ పేరు. వంద మేకులు ఎనిమిది పెన్నీలైతే అది ఎయిట్ పెన్నీ మేకు. పొడుగు పెరిగిన కొద్దీ ఇనుము ఎక్కువ, ధర ఎక్కువ. తర్వాత ధరలు మారిపోయాయి, పేర్లు మాత్రం సైజులుగా గడ్డకట్టాయి. ఇవాళ 8డి అంటే రెండున్నర అంగుళాలు, 10డి అంటే మూడు, 16డి అంటే మూడున్నర. ఇంగ్లండులో ఎక్కువమంది ఈ పద్ధతి మర్చిపోయారు, మీ అమెరికా షాపుల్లో బతికి ఉంది.

మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇంకొంచెం చెబుతాను. ఇప్పుడు డబ్బాలో గలగలమని దొరికే మేకు ఒకప్పుడు చాలా ఖరీదైన వస్తువు. మేకులు కోసే యంత్రాలు రాకముందు ప్రతి మేకునీ కమ్మరి కొలిమిలో కాల్చి, సాగగొట్టి, మొన తేల్చి, తల చదును చేయాల్సిందే. అప్పట్లో ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న వర్జీనియా వలసలో జనం ఊరు విడిచి వెళ్లేటప్పుడు, మేకులు ఏరుకోవడానికి సొంత ఇళ్లనే తగలబెట్టేవారు. బూడిదలోంచి మేకులు ఏరుకుని కొత్త చోట ఇల్లు కట్టుకునేవారు. ఇళ్లు కాల్చొద్దు, ఆ ఇంట్లో ఎన్ని మేకులున్నాయో అంచనా కట్టి అన్ని మేకులు మేమే ఇస్తాం అని అక్కడి ప్రభుత్వం 1645 ప్రాంతంలో చట్టం చేయాల్సి వచ్చింది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ తన మాంటిచెల్లో ఎస్టేటులో 1794లో మేకుల కార్ఖానా పెట్టాడు. అందులో పనిచేసింది ఎవరు? ఆయన బానిసలుగా ఉంచుకున్న కుటుంబాల మగపిల్లలు, పదేళ్ల నుంచి పదహారేళ్ల వాళ్లు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన చేయి ఆ మేకుల లెక్కలు కూడా రాసుకుంది.

పనిలో పనిగా: నెయిల్ అని ఒక కొలత కూడా ఉండేది, బట్టల వ్యాపారంలో. గజంలో పదహారో వంతు, అంటే రెండుంబావు అంగుళాలు. ఇప్పుడెవరూ వాడరు.

ప్రశ్న: గోరు పక్కన చర్మం లేచి వేలాడుతుంది కదా, దాన్ని హ్యాంగ్‌నెయిల్ అంటారు. వేలాడేది చర్మమైతే గోరు వేలాడుతోందని ఎందుకు అంటారో నాకు అర్థం కాదు. మేము రోజూ డ్యూటీలో వాడే మాట.
— ఒక స్టాఫ్ నర్సు, విశాఖపట్నం

మీకు అనుమానం రావడంలో తప్పేం లేదు, ఎందుకంటే ఆ మాటలో హ్యాంగ్‌కి అసలు చోటే లేదు. అందులో నెయిల్ కూడా మీరనుకునే నెయిల్ కాదు.

పాత ఇంగ్లీషులో ఆ మాట 'అంగ్‌నాయ్‌గల్'. అంగ్ అంటే నొప్పి, బిగింపు. యాంగర్, యాంగ్విష్, యాంగ్జైటీ, గుండెనొప్పికి మీరు వాడే యాంజైనా అన్నీ ఆ కుదురువే. వేదంలో కష్టం, పాపం అనే అర్థంలో వచ్చే 'అంహస్' కూడా అదే కుదురు. ఇక నెయిల్ ఇక్కడ గోరు కాదు, మేకు. నొప్పెట్టే మేకు. ఏమిటది? అరికాల్లో వచ్చే ఆనె! గట్టిగా గుండ్రంగా మేకు తల పాదంలో దిగినట్టుంటుంది కదా, అందుకని. లాటిన్‌వాళ్లు కూడా ఆనెని 'క్లావుస్', అంటే మేకు అనే అన్నారు. తర్వాత జనం నెయిల్ అనగానే గోరు అనుకుని, జబ్బుని కాలి నుంచి చేతికి ఎక్కించారు, గోరు చుట్టూ వచ్చే పుండుకి ఆ పేరు పెట్టారు. అంగ్ అంటే ఏమిటో కూడా మర్చిపోయాక, చర్మం వేలాడుతోంది కాబట్టి హ్యాంగ్ అయి ఉంటుందిలే అని పదిహేడో శతాబ్దంలో ముందొక 'హ' తగిలించారు. అర్థం తెలియని మాట దొరికితే జనం దాన్ని తెలిసిన మాటగా సర్దుకుంటారు. అన్ని భాషల్లోనూ ఇంతే.

డాక్టర్లు రాసేవి మాత్రం గ్రీకువి. పారొనికియా అంటే గోరు పక్కన వచ్చేది, మన గోరుచుట్టు. ఒనికోమైకోసిస్ అంటే గోటికి పట్టే ఫంగస్. రెండింటిలోనూ ఉన్నది మొదట చెప్పిన ఓనుక్స్. ఉంగరాల్లో పొదిగే ఓనిక్స్ రాయి కూడా అదే మాట, గోటిలో కనిపించే లేత రంగూ తెల్లటి చారా ఆ రాతిలో కనిపించాయని ఆ పేరు. లాటిన్ ఉంగ్విస్ వైపు నుంచి వచ్చింది అంగ్యులేట్, గిట్టలున్న జంతువులు. అక్కడ గోరు పెరిగి ఆవుకీ గుర్రానికీ గిట్ట అయింది.

మన దగ్గర గోరుచుట్టు వస్తే నిమ్మకాయకి బెజ్జం చేసి వేలికి తొడుగుతారు, మీ వార్డుకి అలా నిమ్మకాయ తొడుక్కుని వచ్చినవాళ్లు మీకు తగిలే ఉంటారు. చల్లగా ఉంటుంది గానీ చీము పడితే నిమ్మకాయ పనిచేయదని మీకు నేను చెప్పక్కర్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఎవరు కట్టారో గానీ ఆ బాధ పడ్డవాళ్లే కట్టి ఉంటారు.

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు బ్రిస్టల్ చూశాం. అక్కడ వీధిలో కంచు బల్లలు నాలుగున్నాయి. వాటిని నెయిల్స్ అంటారట, వర్తకులు వాటి మీదే డబ్బు లెక్కపెట్టేవారట, అందుకే వెంటనే చెల్లించడాన్ని 'పే ఆన్ ది నెయిల్' అంటారని గైడు చెప్పాడు. చక్కగా ఉంది కదండీ కథ?
— రిటైరైన ఒక బ్యాంకు ఆఫీసరు, గుంటూరు

చక్కగా ఉంది. అంత చక్కగా ఉన్నప్పుడే చేయి పెట్టి చూడాలి.

బల్లలు నిజం. కార్న్ స్ట్రీట్‌లో ఎక్స్ఛేంజ్ భవనం ముందు ఉన్నాయి. నడుమెత్తు స్తంభం, పైన గుండ్రటి పళ్లెంలాంటి తల, నాణేలు దొర్లిపోకుండా చుట్టూ అంచు. వాటి మీద బేరాలు జరిగిన మాటా నిజమే. రెండింటి మీద 1625, 1631 అని ఉంది, మిగతా రెండూ ఇంకొంచెం పాతవి. కానీ ఇంగ్లీషులో ఆ నుడికారం 1590లలోనే అచ్చులో కనిపిస్తుంది. అసలు గుట్టు విప్పేది ఫ్రెంచి. వాళ్లూ గోరు మీద చెల్లించడం అంటారు, వాళ్ల 'ఓంగ్ల్' అంటే చేతి గోరు ఒక్కటే, మేకుకి వాళ్లకి వేరే మాట ఉంది. కాబట్టి నుడికారంలో ఉన్నది వేలి గోరు. ఆ నుడికారం అప్పటికే వాడుకలో ఉంది కాబట్టి బల్లలకి ఆ పేరు అతుక్కుని ఉంటుంది. గైడు చెప్పింది తలకిందులు.

గోరు మీద ఎందుకంటే, తాగుడు పందేల వైపు చూడాలి. ఫ్రెంచిలో పూర్తి మాట 'గోరు మీద కెంపు'. గ్లాసు పూర్తిగా ఖాళీ చేసి, బొటనవేలి గోరు మీద బోర్లిస్తే ఒకే ఒక్క ఎర్రటి వైన్ చుక్క కెంపులా నిలబడాలి. అంటే ఏమీ మిగల్చలేదని రుజువు. ఇంగ్లండులోనూ పదహారో శతాబ్దం చివర్లో ఈ ఆట ఉండేది. దానికి 'సూపర్‌నాక్యులమ్' అని లాటిన్‌లా వినిపించే పేరొకటి పెట్టుకున్నారు. అది లాటిన్ కాదు, జర్మన్ నాగెల్‌కి లాటిన్ తోక తగిలించిన తాగుబోతుల మాట. చుక్క పెద్దదై గోరు మీంచి జారితే మళ్లీ తాగాలి, అదే శిక్ష. బాకీ చెల్లించడం కూడా అలాగే, ఆఖరి చుక్క దాకా.

బ్యాంకులో పనిచేసిన మీకు ఆఖరి పైసా దాకా వసూలు చేయడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ప్రశ్న: లవంగాన్ని ఇంగ్లీషులో క్లోవ్ అంటారు. దానికీ మేకుకీ సంబంధం ఉందని ఎక్కడో విన్నాను. మరి వెల్లుల్లి రెబ్బని కూడా క్లోవ్ అంటారుగా, అది మేకులా ఉండదే?
— ఒక గృహిణి, నెల్లూరు

లవంగం విషయంలో మీరు విన్నది నిజం. ఒక లవంగాన్ని అరచేతిలో వేసుకుని చూడండి, సన్నటి కాడ, పైన గుండ్రటి తల, చిన్న మేకే. ఫ్రెంచివాళ్లు దాన్ని మేకు అన్నారు, వాళ్ల మేకు 'క్లూ', లాటిన్ క్లావుస్ నుంచి. అదే ఇంగ్లీషులో క్లోవ్ అయింది. డచ్‌వాళ్లు మసాలా మేకు అంటారు, చైనావాళ్లు మేకు పరిమళం అంటారు. పారశీకంలో 'మీఖక్', అంటే చిన్న మేకు. మన మేకు పుట్టిన మాటే అది! ఇన్ని దేశాలవాళ్లకి అది మేకులా కనిపించింది, మనం మాత్రం సంస్కృతం లవంగంతో సరిపెట్టుకున్నాం.

వెల్లుల్లి క్లోవ్ వేరే మాట, చీల్చడం అనే అర్థమున్న క్లీవ్‌కి చుట్టం. చీలిన రెబ్బ కాబట్టి. ఇది ఇందాక చెప్పిన బ్యాటూ బ్యాటూ కేసు.

ప్రశ్న: మరి గోరింటాకు? గోరుకి అంటే ఆకు కాబట్టి గోరంటాకు, గోరింటాకు అయిందని మా తెలుగు మేడం చెప్పారు.
— ఒక ఇంటర్ విద్యార్థిని, కడప

మీ మేడంగారి మీద గౌరవంతోనే చెబుతున్నా, నాకు నమ్మకం కుదరడం లేదు. పెరళ్లలో, కంచెల పక్కన గోరంట అని ఇంకో పొద ఉంటుంది, ముళ్లతో, పసుపు పూలో నీలం పూలో పూస్తుంది. దాన్ని ఎవరూ గోళ్లకి పెట్టుకోరు. సంస్కృతంలో దాని పేరు కురంటకం. గోళ్లతో పనే లేని మొక్కకి ఆ పేరుంటే, గోరుకి అంటడం వల్ల పేరొచ్చిందన్న మాట ఎలా నిలబడుతుంది? ఈ కథ తర్వాత అల్లుకున్నదనే నా అభిప్రాయం, హ్యాంగ్‌నెయిల్‌కి 'హ' తగిలించినట్టు. తెలంగాణలో మైదాకు అంటారు, వాళ్లకి ఈ గొడవే లేదు.

ప్రశ్న: నెయిల్ పాలిష్‌ని తెలుగులో ఏమనాలి? గోళ్ల రంగు అంటే అందరూ నవ్వుతున్నారు. మా నాయనమ్మ క్యూటెక్స్ అంటుంది.
— ఒక కాలేజీ అమ్మాయి, రాజమండ్రి

నవ్వేవాళ్లని నవ్వనివ్వండి, గోళ్ల రంగులో తప్పేం లేదు. కానీ షాపులో అడిగితే నెయిల్ పాలిషే త్వరగా ఇస్తారు. క్యూటెక్స్ ఒక కంపెనీ సరుకు పేరు, 1911లో అమెరికాలో మొదలైంది. మొదట అమ్మింది రంగు కాదు, గోరు మొదట్లో ఉండే పల్చటి పొర, క్యూటికల్ అంటారే, దాన్ని తీసే మందు. క్యూటికల్ నుంచే ఆ పేరు కట్టారు. రంగులు కొన్నేళ్ల తర్వాత వచ్చాయి, ఆ పేరే మనవాళ్లకి గోళ్ల రంగంతటికీ పేరైపోయింది, ఏ కంపెనీ సీసా చేతిలో ఉన్నా సరే. నాయనమ్మగారిని అలాగే అననివ్వండి.